ప్లానెట్‌సైడ్ 2 కొత్తగా మొదలుపెడుతున్నా, ఏ ఫ్యాక్షన్ తీసుకోవాలి?

కొత్త_రిక్రూట్:
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ కౌంటర్ స్ట్రైక్ మాత్రమే ఆడాను. నిన్న ప్లానెట్‌సైడ్ 2 అనే ఆన్‌లైన్ తుపాకుల ఆట డౌన్‌లోడ్ చేశాను. మొదటి స్క్రీన్‌లోనే ఆగిపోయాను. టెర్రన్ రిపబ్లిక్ (టీఆర్), న్యూ కాంగ్లొమరేట్ (ఎన్‌సీ), వాను సావరెన్టీ (వీఎస్) అని మూడు పక్షాలు చూపించి ఒకటి ఎంచుకోమంటోంది. ఒకసారి ఎంచుకుంటే ఆ పాత్రకి ఇక మార్చుకోవడం కుదరదట. ఏది బలమైనదో చెబితే అది తీసుకుంటా. ఊరికే ఓడిపోయే జట్టులో పడటం ఇష్టం లేదు.

తూటాలవాన:
టీఆర్. ఇంకో మాట లేదు.

ఊదా_యోధ:
వచ్చాడండీ ఎర్ర చొక్కా! తమ్ముడూ, ఇతని మాట వినకు. వీఎస్‌కి రా. మన తూటాలు కిందికి వంగవు. దూరంగా ఉన్నవాణ్ణి కొట్టాలంటే తల మీద ఇంత ఎత్తున గురి పెట్టాలన్న లెక్కలేమీ ఉండవు.

నీలిమేఘం:
"ఏది బలమైనది" అనే ప్రశ్న ఈ ఆటంత పాతది. 2012 నవంబర్‌లో ఆట విడుదలైన వారం నుంచీ ఇదే గొడవ. అసలు 2003లో వచ్చిన మొదటి ప్లానెట్‌సైడ్‌లోనూ ఇవే మూడు పక్షాలు, అప్పుడూ ఇదే గొడవ. ముందు నీకు కథ చెప్తా, తరువాత నువ్వే చూసుకో.

ఆరాక్సిస్ అని ఒక గ్రహం. భూమ్మీద అందరినీ ఒకే ప్రభుత్వం కిందికి తెచ్చినవాళ్లు టెర్రన్ రిపబ్లిక్. వాళ్లకి క్రమశిక్షణే దేవుడు. రంగులు ఎరుపూ నలుపూ. వాళ్ల పెత్తనం వద్దని తిరగబడినవాళ్లు న్యూ కాంగ్లొమరేట్. స్వేచ్ఛ అంటారు కానీ వాళ్ల వెనకున్నది పెద్ద పెద్ద కంపెనీలే. రంగులు నీలం, పసుపు. ఇక వాను సావరెన్టీ వాళ్లు ఆ గ్రహం మీద దొరికిన గ్రహాంతర టెక్నాలజీని దాదాపు పూజిస్తారు. ఊదా రంగు, ఒంటికి అతుక్కుపోయిన డ్రెస్సులు. ఎవరు చచ్చినా నానైట్లతో, అంటే కంటికి కనబడనంత చిన్న యంత్రాలతో, మళ్లీ పుడతారు కాబట్టి యుద్ధానికి అంతం లేదు. ఆటకి అంతకు మించిన సాకు అక్కర్లేదు కదా.

మా వాడుకలో పేర్లు వేరు. టీఆర్ వాళ్లు ఎల్మోలు, మేం ఎన్‌సీ వాళ్లం స్మర్ఫులం, వీఎస్ వాళ్లు బార్నీలు. రంగుల్ని బట్టి పిల్లల టీవీ బొమ్మల పేర్లు తగిలించారు.

గాలిపటం:
ఫ్యాక్షన్ అన్న మాట చూసి సినిమా చర్చ అనుకుని లోపలికొచ్చా. వచ్చాను కాబట్టి కూర్చుంటా.

తూటాలవాన:
కథలెందుకు, ఆయుధాలు చూడండి. టీఆర్ గన్స్ వేగంగా పేలతాయి, మ్యాగజీన్లు పెద్దవి. ఎన్‌సీ గన్స్ ఒక్కో తూటా గట్టిగా తగులుతుంది కానీ నెమ్మది, తన్నుడు ఎక్కువ. వీఎస్‌కి తూటా వంగదు. అంతే తేడా. దగ్గరి పోరులో వేగమే గెలుస్తుంది. ఈ ఆటలో చావులన్నీ మెట్ల మీద, గుమ్మాల దగ్గరే కదా.

లెక్కలమాస్టారు:
"వేగమే గెలుస్తుంది" అన్న మాట దగ్గర నేను ఆగాలి. దీన్ని లెక్కగట్టి చూడొచ్చు.

మామూలు సైనికుడికి 500 ఆరోగ్యం, 500 షీల్డ్, మొత్తం 1000. హెవీ అసాల్ట్ క్లాస్‌కి మూడు పక్షాలూ మొదట ఇచ్చే మెషిన్ గన్లు తీసుకుందాం. ఎన్‌సీ గాస్ సా దగ్గరి దూరంలో తూటాకి 200 దెబ్బ, నిమిషానికి 500 తూటాలు. టీఆర్ కార్వ్ 143 దెబ్బ, నిమిషానికి 750. వీఎస్ ఒరాయన్ కూడా 143, 750.

సా తో చంపాలంటే 5 తూటాలు తగలాలి. మొదటి తూటా వెంటనే వెళ్తుంది, మిగతా నాలుగింటికి 0.12 సెకన్ల చొప్పున 0.48 సెకన్లు. కార్వ్‌కి 7 తూటాలు కావాలి (143 ఏడుసార్లు 1001, ఆ ఒక్కటి ఎందుకు ఎక్కువుందో ఇప్పుడు అర్థమైందా). మిగతా ఆరింటికి 0.08 చొప్పున 0.48 సెకన్లు.

అన్నీ తలకే తగిలితే దెబ్బ రెట్టింపు. సా కి 3 తూటాలు, 0.24 సెకన్లు. కార్వ్‌కి 4 తూటాలు, మళ్లీ 0.24. కాబట్టి గుమ్మం దగ్గర చచ్చిపోయి "వాళ్ల గన్ ఎక్కువ" అని ఏడ్చేవాళ్లకి నా సమాధానం ఒక్కటే: ఆడలేక మద్దెల ఓడు.

తూటాలవాన:
మాస్టారూ, అన్ని తూటాలూ తగిలే మనిషిని నేనింతవరకూ చూళ్లేదు. ఒక్కటి తప్పితే సా వాడికి 0.12 పోతుంది, నాకు 0.08 మాత్రమే. తప్పులకి తక్కువ శిక్ష పడేది నా గన్‌కే.

లెక్కలమాస్టారు:
నిజమే, కానీ నువ్వు పేల్చే తూటాలే ఎక్కువ, అంటే తప్పేవీ ఎక్కువే. ఇద్దరూ సగం తూటాలు తప్పారనుకో. సా కి 10 తూటాలు పేల్చాలి, 1.08 సెకన్లు. కార్వ్‌కి 14, 1.04 సెకన్లు. తేడా 0.04. మనిషి కంటిరెప్ప అంతకంటే నెమ్మదిగా పడుతుంది.

నీలిమేఘం:
లెక్క సరే మాస్టారూ, సా ఆడేవాడికి తెలిసిన ఇంకో సంగతి ఉంది. గోడ చాటు నుంచి ఒక్క క్షణం కనబడి దాక్కునే పోరు వేరు. శత్రువుకి 180 మిగిలి ఉంటే నాకు ఒక్క తూటా చాలు, మీకు రెండు కావాలి. అలా సగం చచ్చినవాళ్లని ఏరుకోవడంలో మా గన్‌ని మించింది లేదు. పైగా 100 తూటాల మ్యాగజీన్ నిండా ఉంటే 20,000 దెబ్బ. కార్వ్‌కీ 100 తూటాలే కానీ 14,300. ఒరాయన్‌కి 50 తూటాలు, 7,150. కాకపోతే సా రీలోడ్ మొదలుపెట్టాక బతికి బట్టకట్టడం కష్టం, అది ఒప్పుకుంటా.

ఊదా_యోధ:
ఆ 50 తూటాలతోనే మీ నీలి చొక్కాలని ఎంతమందిని పడుకోబెట్టానో లెక్క పెట్టలేదు లెండి. ఒరాయన్ గురి చూస్తూ కూడా చురుగ్గా పక్కలకి కదలనిచ్చేది. ఎదుటివాడికి తల దొరికేది కాదు. మీ లెక్కల పట్టికలో ఆ కాలమ్ లేదు మాస్టారూ. తరువాత ఆ కదలిక వేగాన్ని తగ్గించారు, ఆ రోజు మా జట్టంతా తద్దినం పెట్టినట్టు కూర్చున్నాం.

ఇంకోటి, నేనే మొదట్లో గొప్పగా చెప్పాను కానీ నిజాయితీగా చెప్పాలి. తూటా వంగకపోవడం బయటి మైదానంలోనే పనికొస్తుంది. గదిలో పది మీటర్లలో ఎవరి తూటా వంగుతుంది? మా బోల్ట్ యాక్షన్ స్నైపర్లకైతే అందరిలాగే వంగుతుంది కూడా. వీఎస్ అంటే లేజర్లు, నేరుగా పోతాయి అనుకుని స్నైపర్ కోసం వచ్చేవాళ్లు ఇక్కడే మోసపోతారు.

కొత్త_రిక్రూట్:
అయితే మూడూ ఒకటేనా? మరి ఇన్నేళ్లు ఎందుకు కొట్టుకుంటున్నారు అందరూ?

గాలిపటం:
తుపాకులు ఒకటే. బళ్లు కావు.

నేను తొమ్మిదేళ్లుగా ఎక్కువ సమయం ఆకాశంలోనే ఉన్నాను. మూడు పక్షాల ఫైటర్లు మూడు రకాల మనుషుల్లా ఉంటాయి. టీఆర్ మస్కిటో ముక్కుసూటిగా అందరికంటే వేగం. ఎన్‌సీ రీవర్ పెద్ద ఇటుకలా ఉంటుంది కానీ బూస్టర్ తొక్కితే ఒక్క ఉదుటున దూకుతుంది. వీఎస్ సైత్ పలకలా పలచన. ఎదురుగా వస్తే గీతలా కనిపిస్తుంది, కొట్టడానికి చోటు దొరకదు. పైనుంచి చూస్తేనే దాని అసలు సైజు తెలుస్తుంది. అందుకే నేను సైత్‌తో ఎప్పుడూ ముఖాముఖికి దిగను, పైకెక్కి కూర్చుంటా.

ట్యాంకుల్లో తేడా ఇంకా ఎక్కువ. టీఆర్ ప్రౌలర్‌కి జంట గొట్టాలు, నేలకి కాళ్లు దింపి పాతుకుపోతే ఫిరంగి వేగం పెరుగుతుంది. అప్పుడది ట్యాంకు కాదు, కొండ మీద కోట. ఎన్‌సీ వ్యాన్‌గార్డ్ ఒంటి గొట్టం, బరువైన గుండు, ప్రాణం మీదికి వస్తే కాసేపు కాచే షీల్డ్. వీఎస్ మ్యాగ్‌రైడర్ నేలని తాకదు, గాల్లో తేలుతుంది. పక్కకి జరుగుతూ కొట్టగలదు, బూస్ట్ కొట్టి ఇంకెవరూ ఎక్కలేని గుట్టలు ఎక్కేస్తుంది. కానీ దాని పెద్ద గన్ మిగతావాటిలా చుట్టూ తిరగదు, బండినే తిప్పాలి. వ్యాన్‌గార్డ్‌కి అలవాటుపడిన డ్రైవర్‌ని మ్యాగ్‌రైడర్‌లో కూర్చోబెడితే గుర్రం దిగి పడవెక్కినట్టుంటుంది.

వీటిని లెక్కగట్టి సమానం చేయడం ఎవరి తరం? సమతలం మీద ఒకటి గెలుస్తుంది, కొండల్లో ఇంకోటి. ఇండార్, ఎసమిర్, అమెరిష్, హోసిన్ ఒక్కో ఖండంలో ఒక్కో ట్యాంకు రాజు.

తూటాలవాన:
హోసిన్‌లో చెట్లే రాజు. ట్యాంకులకి ఆ బురదలో దారే ఉండదు.

నీలిమేఘం:
మ్యాక్స్ సూట్లని, అంటే సైనికుడు తొడుక్కునే ఇనుప కవచాలని, మర్చిపోయారు. మా మ్యాక్స్‌కి రెండు చేతులా షాట్‌గన్లు. గది లోపల దాని ముందుకి వచ్చినవాడు మళ్లీ పుట్టాల్సిందే. బయట ముప్పై మీటర్లు దాటితే మాత్రం ఇనుప బొమ్మే. షీల్డ్ అడ్డం పెట్టుకుని నడవొచ్చు కూడా. టీఆర్ వాళ్లది లాక్‌డౌన్, పాతుకుపోయి కుండపోతగా కాలుస్తుంది. వీఎస్ వాళ్లకి జీవోఈ...

ఊదా_యోధ:
జెడ్‌ఓఈ అన్నా. జీలట్ ఓవర్‌డ్రైవ్. 2013లో అది వచ్చినప్పుడు కొన్ని నెలలు మేం దొరలం. పరుగు వేగం, దెబ్బ రెండూ పెరిగేవి. ఇనుప ఏనుగు జింకలా గెంతేది. అవతలివాళ్ల ఏడుపు చూసి నాకే జాలేసింది. తరువాత బాగా కత్తిరించారు. "వీఎస్‌ది దొంగ బలం" అన్న పేరు అప్పుడొచ్చిందే, ఇప్పటికీ పోలేదు.

మూడో_కన్ను:
నాకు మూడింటిలోనూ పాత్రలున్నాయి, ఏ పక్షానిదీ కాని ఎన్‌ఎస్‌ఓ రోబో కూడా ఉంది. తిట్టేవాళ్లు ఇప్పుడే తిట్టేయండి.

కొత్త తమ్ముడికి ఎవరూ చెప్పని విషయం ఏంటంటే, ఈ ఆటలో బలం గన్‌లో ఉండదు, మూడో పక్షం ఎటు నడుస్తోందన్న దాంట్లో ఉంటుంది. కౌంటర్ స్ట్రైక్‌లో నిన్ను ఎదిరించేది ఒక్క జట్టే. ఇక్కడ రెండు. కాగితం మీద ఇది చాలా అందమైన ఏర్పాటు. ఒకరు మరీ బలిస్తే మిగతా ఇద్దరూ కలిసి వంచుతారు, దానంతట అదే సర్దుకుంటుంది. ఆట చేసినవాళ్లు కూడా అలాగే అనుకుని ఉంటారు.

జరిగేది వేరు. మనిషి బలమైనవాడితో తలపడడు, సులువుగా దొరికే బేస్ వైపు నడుస్తాడు. సులువుగా దొరికేది ఎవరి దగ్గర? జనం తక్కువున్న పక్షం దగ్గర. కాబట్టి ఇద్దరూ కలిసి పడేది బలహీనుడి మీద. గోరుచుట్టు మీద రోకలిపోటు. మ్యాప్‌లో ఒక రంగు కరిగిపోతుంటే వాళ్లు ఆట మూసేసి వెళ్లిపోతారు, ఇంకా తగ్గుతారు, ఇంకా దెబ్బ తింటారు. తక్కువున్న పక్షానికి ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) బోనస్ ఇస్తారు, నిజమే. కానీ చచ్చాక మళ్లీ పుట్టే స్పాన్ గది బయట కాలు పెట్టలేనివాడికి బోనస్ ఏం చేసుకోవాలి?

నీలిమేఘం:
ఇండార్ నడిమధ్యలో క్రౌన్ అని ఒక గుట్ట మీద బేస్ ఉంది. తొలి రోజుల్లో ఆ గుట్ట కోసం మూడు పక్షాలూ గంటల తరబడి కొట్టుకునేవి. గుట్ట మీదున్నవాడు రెండు వైపులా కాచుకోవాలి, కిందున్న ఇద్దరూ ఒకరినొకరు కూడా కాల్చుకుంటూనే పైకెక్కాలి. పిట్ట పోరు పిట్ట పోరు పిల్లి తీర్చినట్టు, ఇద్దరు బాగా నలిగాక మూడోవాడు గెలాక్సీ అనే రవాణా విమానాల్లో సైన్యాన్ని దింపి కొట్టేసేవాడు. వ్యూహంగా చూస్తే ఆ గుట్టకి అంత విలువేమీ లేదు. కానీ అందరం అక్కడే చచ్చేవాళ్లం. 2013లో బేస్‌లని గీతలతో కలిపి లాటిస్ పద్ధతి పెట్టాక యుద్ధం దారిలో పడింది కానీ, ఆ పిచ్చి గుట్ట రోజులు మళ్లీ రాలేదు.

తూటాలవాన:
మూడో_కన్ను గారూ, మీలాంటివాళ్ల వల్లే కదా ఇదంతా. అలర్ట్ (ఖండం కోసం గడువు పెట్టి జరిగే పోటీ) అయిపోయే పది నిమిషాల ముందు గెలిచే పక్షంలో లాగిన్ అవుతారు. మిమ్మల్ని ఊరికే నాలుగో ఫ్యాక్షన్ అన్నారా?

మూడో_కన్ను:
నేను మారేది ఓడిపోయే వైపుకి. నమ్మకపోతే మీ ఇష్టం. ఎన్‌ఎస్‌ఓ రోబోల ఉద్దేశమే అది, జనం తక్కువున్న పక్షానికి కూలి సైన్యంగా వెళ్లడం. గంట క్రితం కాల్చినవాడి పక్కనే నిలబడి వాడికి తూటాలిస్తుంటే ఒక తమాషా ఉంటుంది. రోజంతా తిట్టుకున్న బార్నీలు లోపలి నుంచి చూస్తే మామూలు మనుషులే. వాళ్ల చాట్‌లోనూ ఇదే ఏడుపు, "ఎప్పుడూ మన మీదే ఇద్దరూ పడతారు" అని. మూడు చాట్‌లలోనూ అక్షరం పొల్లు పోకుండా ఇదే వాక్యం చదివాను.

మోడరేటర్:
వ్యక్తిగత దూషణలు వద్దు. "నాలుగో ఫ్యాక్షన్" అనడం వరకూ సరే, అక్కడితో ఆపండి.

లెక్కలమాస్టారు:
కొత్త_రిక్రూట్ అడిగిన దానికి వస్తా. మూడూ ఒకటే అయితే ఎందుకు కొట్టుకుంటున్నారు అన్నాడు. నా ఉద్దేశం చెప్తా.

టీమ్ ఫోర్ట్రెస్ 2లో రెండు జట్లకీ అవే తొమ్మిది క్లాసులు, రంగు తప్ప తేడా లేదు. అక్కడ జట్టు గురించి ఎవరూ వాదించరు. కౌంటర్ స్ట్రైక్‌లో తేడా ఉంది, ఒక వైపు వాళ్ల ఏకే హెల్మెట్ ఉన్నా ఒక్క తల దెబ్బకి చంపుతుంది, రెండో వైపు వాళ్ల ఎం4 చంపదు. అయినా గొడవ లేదు, ఎందుకంటే సగం ఆటకి వైపులు మారతాయి. నువ్వు తిట్టుకున్న గన్ కాసేపటికి నీ చేతికే వస్తుంది. ప్లానెట్‌సైడ్‌లో విరామం లేదు, వైపుల మార్పు లేదు. నన్ను చంపిన గన్ నా పాత్ర చేతికి ఎప్పటికీ రాదు. దాన్ని పట్టుకుని చూస్తే అందులోని లోపాలు తెలిసేవి, పట్టుకోలేము కాబట్టి దూరపు కొండలు నునుపే. 0.04 సెకన్ల తేడా పదేళ్ల పగ అవడానికి అదే కారణం అంటాను నేను.

ఊదా_యోధ:
మాస్టారూ, ఇది మొదటిసారి మీతో ఏకీభవించడం. తేదీ రాసిపెట్టుకుంటా.

కానీ పగ ఒక్కటే కాదు. 2015లో 1,158 మంది ఒకే పోరులో ఉన్నారని గిన్నిస్ రికార్డు ఇచ్చారు. నేనందులో లేను, కానీ నాలుగైదు వందలమంది ఒకే బేస్ మీద పడ్డ రాత్రులు చూశాను. అంతమందిలో ఒక్కరి ముఖమూ కనబడదు, రంగు మాత్రమే కనబడుతుంది. నిన్ను లేపిన మెడిక్ ఎవరో తెలీదు, ఊదా రంగులో ఉన్నాడని మాత్రం తెలుసు. రంగు మీద మమకారం అలా పెరుగుతుంది.

కొత్త_రిక్రూట్:
అర్థమైంది. అయితే గన్ చూసి కాకుండా దేన్ని చూసి ఎంచుకోవాలి?

గాలిపటం:
నడిపే బండిని చూసి. నువ్వు ట్యాంకో విమానమో ఎక్కేవాడివైతే పైన రాసింది ఇంకోసారి చదువు. నేల మీదే ఉండేవాడివైతే ఏదైనా ఒకటే.

మూడో_కన్ను:
నీ సర్వర్‌లో నువ్వు ఆడే వేళకి ఏ పక్షంలో నోరున్న స్క్వాడ్ లీడర్లు ఉన్నారో చూసి. మూడు పాత్రలూ చేసుకో, ఒక్కోదాంట్లో రెండు సాయంత్రాలు ఆడు, ప్లటూన్‌లో చేరు. 48 మందిని ఒక మనిషి గొంతు నడిపించడం ఒకసారి వింటే నువ్వే అక్కడ ఉండిపోతావు. ఆయుధాలు కొనుక్కునే సర్ట్ పాయింట్లు మాత్రం ఒక పాత్రవి ఇంకో పాత్రకి రావు, కాబట్టి ఆ వారం దేని మీదా ఎక్కువ ఖర్చు పెట్టకు.

తూటాలవాన:
అన్నీ విన్నావుగా. ఇప్పుడు టీఆర్ తీసుకో.

కొత్త_రిక్రూట్:
వారం తరువాత మళ్లీ వచ్చా. మూడూ ఆడి చూశాను. వీఎస్‌లో నేను మాట్లాడుతుంటే ఎవరూ పలకలేదు (ఊదా_యోధ అక్కా, మీది వేరే సర్వర్ అనుకుంటా). టీఆర్‌లో లీడర్ చాలా బాగా నడిపాడు కానీ ఆయన ఆడే వేళకి నాకు కుదరదు. ఎన్‌సీలో ఒక పెద్దాయన నన్ను సండరర్ (మనవాళ్లు మళ్లీ పుట్టే బండి) డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి బేస్‌కి ఎంత దూరంలో, ఏ గోడ చాటున ఆపాలో గంటసేపు నేర్పించాడు. నా బండి నుంచి ముప్పైమంది పుట్టుకొచ్చి బేస్ గెలుస్తుంటే నేను ఒక్క తూటా కాల్చకుండానే స్కోరు పెరిగింది. అక్కడే ఉండిపోయా.

ఒక్క సందేహం. నిన్న మెట్ల మీద సా పట్టుకుని తిరుగుతుంటే ఉన్నట్టుండి నా ఆయుధాలన్నీ లాక్ అయిపోయాయి. నొక్కినా పేలట్లేదు. బగ్గా?

నీలిమేఘం:
బగ్ కాదు తమ్ముడూ. ఈ ఆటలో మనవాళ్లకి కూడా తూటాలు తగులుతాయి. ఎక్కువమందికి తగిలిస్తే కాసేపు గన్ లాక్కుంటారు. ఎంతమందిని లేపేశావు?

కొత్త_రిక్రూట్:
నీలంగా ఉన్నవాళ్లనే కదా కాల్చింది... ఆగండి.

తూటాలవాన:
పుట్టు ఎన్‌సీ. సరైన చోటికే చేరాడు.